పర్లాకిమిడి–పాతపట్నం మధ్య కనెక్షన్ తెగకుండా ఉండాలంటే ఏది ఎంచుకోవాలి?

గజపతి జిల్లాలో వ్యాపారం చేసే తెలుగువాళ్లకి సరిహద్దు రెండు వైపులా పని ఉండడం మామూలే. దుకాణం పర్లాకిమిడిలో ఉంటే గోడౌను పాతపట్నంలో ఉంటుంది. రాష్ట్రాలు వేరు కాబట్టి జీఎస్టీ నంబర్లూ రెండు. ఒడిశాది 21తో, ఆంధ్రాది 37తో మొదలవుతుంది. రూ. 50,000 దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు చేతిలో ఉండాలి. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటరేమో దుకాణంలో, బండేమో గోడౌను ముందు, ఓనరు ఈ రెండింటి మధ్య తిరుగుతూ ఉంటాడు. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో దుకాణం కంప్యూటర్‌ని దూరం నుంచి వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి బిల్లు కొడుతుంటే సగంలో తెర బిగుసుకుపోతుంది. అవతల డ్రైవర్ హారన్ కొడుతుంటాడు.

ఇలాంటి దుకాణాలకి నెట్‌వర్కులు పెట్టడం నా పని. "ఏటి బాబూ, ఇంటికాడ వైఫైలో బాగానే వస్తాది, రోడ్డెక్కితే పోతాది" అనే మాట వినని వారం ఉండదు. దానికి ఎక్కువమంది చెప్పే సలహా ఒక్కటే: స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని ఇంటర్నెట్ అడ్రస్, కొనుక్కోండి అని. అది సగం జబ్బుకే మందు. డబ్బులు పెట్టే ముందు మిగతా దారులు కూడా తెలుసుకోండి.

అసలు తెగేది ఎక్కడ

రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటున్నాయంటే, ఆ సంభాషణని గుర్తుపట్టేది నాలుగు అంకెలతో. ఈ వైపు ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ పరికరం చిరునామా), పోర్టు (ఆ చిరునామాలో ఏ ప్రోగ్రామ్‌దో చెప్పే నంబరు). ఆ వైపు ఐపీ అడ్రస్, పోర్టు. ఒక్కటి మారినా పాత సంభాషణ పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి లాగిన్ కావాల్సిందే. ఇంటి వైఫై వదిలి మొబైల్ డేటాకి వస్తే అడ్రస్ మారుతుంది. టెలికాం లెక్కల్లో ఒడిశా ఒక సర్కిల్, ఆంధ్రా తెలంగాణ కలిపి ఇంకో సర్కిల్. మన దగ్గర ఫోన్ ఒక వీధిలో ఒడిశా టవర్‌నీ, పక్క వీధిలో ఆంధ్రా టవర్‌నీ పట్టుకుంటూ ఉంటుంది. ఆ మార్పులో డేటా కాసేపు తెగి మళ్లీ కలుస్తుంది, అప్పుడూ అడ్రస్ మారొచ్చు. నౌపడా నుంచి గుణుపూర్ వెళ్లే రైలెక్కండి. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ వరసగా దాటేలోపు ఫోన్ ఎన్నో చేతులు మారుతుంది.

రెండో చిక్కు, ఆ అడ్రస్ మీ ఒక్కరిదే కాకపోవడం. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లు మాత్రమే. 2011 ఫిబ్రవరిలో వాటి కేంద్ర నిల్వ అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ వాటా కూడా ఆఖరి మూటకి వచ్చింది. దాంతో కంపెనీలు ఒక్కో అడ్రస్ వెనుక చాలామంది కస్టమర్లని కూర్చోబెట్టడం మొదలుపెట్టాయి. దీన్నే సీజీనాట్ అంటారు.

వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టు అడ్రస్ మీదే వీధిలో అందరికీ ఉత్తరాలు వస్తున్నాయనుకోండి. మీరు ఎవరికైనా ఉత్తరం పంపితే కొట్టాయన ఒక చీటీ మీద రాసుకుంటాడు, జవాబు రాగానే చీటీ చూసి మీకిస్తాడు. మీరు ముందు రాయకుండా ఎవరో కొత్తవాళ్లు మీకు రాస్తే ఎవరికివ్వాలో ఆయనకి తెలీదు, పక్కన పడేస్తాడు. కొంతసేపు రాకపోకలు లేకపోతే చీటీ చింపేస్తాడు. ఇలా ఒక అడ్రస్‌ని పంచే ఏర్పాటే నాట్, అది చేసే పని ఇదే. యూడీపీ (ముందుగా కనెక్షన్ కట్టకుండా డేటా ముక్కల్ని, అంటే ప్యాకెట్లని, పంపే పద్ధతి) చీటీని రెండు నిమిషాల్లోపు చింపకూడదని, ఐదు నిమిషాలు ఉంచితే మంచిదని 2007లోనే నియమం రాశారు. కానీ అర నిమిషానికే చింపేసే పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి.

మీ బ్రాడ్‌బ్యాండ్ ఇలాంటిదేనా కాదా అన్నది మీరే చూసుకోవచ్చు. రౌటర్ పేజీ తెరిచి వాన్ (WAN) స్టేటస్ దగ్గర ఉన్న ఐపీ రాసుకోండి. తర్వాత "నా ఐపీ ఏమిటి" అని చూపించే ఏదైనా వెబ్‌సైట్ తెరవండి. రెండూ ఒకటే అయితే అడ్రస్ మీ ఒక్కరిదే. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే అంకె కనిపించి, వెబ్‌సైట్‌లో వేరేది కనిపిస్తే మీరు సీజీనాట్ వెనుక ఉన్నట్టు. ఆ వరసని 2012లో ప్రత్యేకంగా దీనికోసమే కేటాయించారు. కొన్ని కంపెనీలు 10తో మొదలయ్యే అడ్రస్‌లు కూడా ఇస్తాయి.

కాబట్టి ఏది కొనాలన్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. కదిలేది ఏ వైపు? బయటి నుంచి చేరుకోగలిగే వైపు ఏది? మన వ్యాపారుల్లో ఎక్కువమందికి కదిలేది ఫోన్. దుకాణం కదలదు, కానీ దాన్ని బయటి నుంచి చేరుకోలేం. ఈ రెంటికీ జవాబు చెప్పే పద్ధతే కావాలి.

స్టాటిక్ ఐపీ

ఇది రెండో ప్రశ్నకి మాత్రమే జవాబు. నెలకో ఏడాదికో అదనంగా కడితే దుకాణానికి సొంత అడ్రస్ వస్తుంది, బయటి నుంచి చేరుకోవచ్చు. ఫోన్ అడ్రస్ మారినప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం అప్పుడూ తెగుతుంది. పైగా అది వచ్చాక చేసే మొదటి పనే ప్రమాదం: రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి వదిలేయడం. పాస్‌వర్డ్‌లు ఊహించి లోపలికి వచ్చి, ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బులడిగే ముఠాలు వెతికేది సరిగ్గా ఆ పోర్టునే. కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆర్‌కి పోర్టు తెరవడమూ అంతే. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలని, డీవీఆర్‌లని పట్టుకుంది. అది వాడిన కిటుకల్లా కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ని ఎవరూ మార్చకపోవడమే. దయచేసి ఏళ్ల నాటి లెక్కలున్న కంప్యూటర్‌ని అలా బయట పెట్టకండి.

స్టాటిక్ ఐపీ వద్దని కాదు. ఇప్పటికే ఉంటే దాని మీద వీపీఎన్ (ఇంటర్నెట్ గుండా వెళ్లే, తాళం వేసిన సొంత దారి) ఒక్కటే తెరవండి, మిగతా పోర్టులన్నీ మూసేయండి.

కెమెరా చూస్తే చాలనుకునేవాళ్లకి

వీళ్లకి ఏ ఖర్చూ అక్కర్లేదు. ఇప్పటి డీవీఆర్‌లు తామే కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అయి ఉంటాయి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్‌లో చూసుకోవచ్చు. దారిలో వీడియో ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తే నష్టమేమీ లేదు. కంపెనీ సర్వర్ పడిపోతే మీ కెమెరా కనబడదన్న సంగతి మాత్రం తెలిసి ఉండాలి.

మొబైల్ ఐపీ

ఫోన్ ఎక్కడికి పోయినా అడ్రస్ మారకూడదన్న ఆలోచనకి అసలు సిసలు ప్రమాణం ఇదే. పరికరానికి ఒక సొంతూరి అడ్రస్ ఉంటుంది. బయటికి వెళ్తే, ఇప్పుడెక్కడున్నదీ సొంతూళ్లో ఉన్న హోమ్ ఏజెంట్‌కి చెబుతుంది. ఆ ఏజెంట్ వచ్చిన ప్యాకెట్లన్నీ ఇంకో ప్యాకెట్‌లో చుట్టి అక్కడికి పంపుతుంది. అయితే ఆ చుట్టడంలో పోర్టు నంబరే ఉండదు. ఒకే అడ్రస్ వెనుక ఎంతోమంది ఉన్నప్పుడు, పోర్టు చూసే ఎవరిదో తేల్చుకునే నాట్‌కి ఆ ప్యాకెట్ ఎవరిదో తెలియదు. 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3519 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీనికి పరిష్కారం చెప్పింది. పరికరం తన అడ్రస్ ఇదని రాసి పంపిన అభ్యర్థన వేరే అడ్రస్ నుంచి వచ్చినట్టు కనిపిస్తే, మధ్యలో నాట్ ఉందని హోమ్ ఏజెంట్ పసిగడుతుంది. అప్పటి నుంచి అన్నిటినీ యూడీపీ 434 పోర్టులో చుట్టి పంపుతుంది. చీటీ చిరిగిపోకుండా 110 సెకన్లకోసారి చిన్న పలకరింపు వెళ్తుంది.

ఆలోచన చక్కనిది, తర్వాత వచ్చిన పద్ధతుల్లో చాలావాటికి మూలం ఇక్కడే కనిపిస్తుంది. కానీ బజార్లో దొరికే ఫోన్లలో ఇది పెట్టుకునే వీలు లేదు. నెట్‌వర్కింగ్ చదువుకునే పిల్లలు మాత్రం ఆ పత్రం తప్పక చదవాలి.

ఐకేఈవీ2, మోబైక్

ఐకేఈవీ2 ఒక రకం వీపీఎన్. 2006లో వచ్చిన మోబైక్ దానికి కదలడం నేర్పింది. ఫోన్ అడ్రస్ మారగానే "నేనే, ఇప్పుడు ఇక్కడున్నాను" అని సర్వర్‌కి చెబుతుంది, పాత తాళాలతోనే సంభాషణ సాగుతుంది. నాట్ ఉంటే 4500 పోర్టులో వెళ్తుంది. విండోస్ 7 నుంచి ల్యాప్‌టాప్‌లలో ఉంది, ఐఫోన్‌లో ఉంది, యాప్ ఏదీ వేయక్కర్లేదు. ఆఫీసు వాళ్లే సర్వర్ పెట్టి ల్యాప్‌టాప్ ఇచ్చిన ఉద్యోగులకి ఇదే మంచిది. సొంతంగా పెట్టుకునే దుకాణదారుకి మాత్రం నేను చెప్పను. సర్టిఫికెట్లు తయారుచేయాలి, వాటి గడువులు చూసుకోవాలి, ఏదైనా తప్పితే లాగ్ చదివి కనిపెట్టడం కష్టం. సర్వర్‌కి బయటి నుంచి చేరుకోగలిగే అడ్రస్ కూడా ఉండాలి.

వైర్‌గార్డ్, ఒక చిన్న సర్వర్

దుకాణాలకి నేను ఎక్కువగా పెట్టేది ఇదే. ఎందుకో చెబుతాను.

వైర్‌గార్డ్ కూడా ఒక వీపీఎనే. అందులో మీరెవరన్నది అడ్రస్‌ని బట్టి కాదు, మీ తాళంచెవిని బట్టి. సరైన తాళంతో ప్యాకెట్ ఎక్కడి నుంచి వచ్చినా సర్వర్ ఒప్పుకుంటుంది, ఇకపై జవాబులు అక్కడికే పంపుతుంది. దీనికోసం ప్రత్యేకంగా పంపే సందేశం ఏదీ లేదు. ఎండ్‌పాయింట్, అంటే ఫోన్ ఇప్పుడున్న బయటి అడ్రస్, ఎలా మారుతుందో ఒక్కసారి సర్వర్ తెర మీద చూస్తే విషయం మనసుకి పడుతుంది. ఫోన్ దుకాణం వైఫైలో ఉన్నప్పుడు దాని పేరు కింద ఎండ్‌పాయింట్ అన్న వరసలో బ్రాడ్‌బ్యాండ్ అడ్రస్, ఒక పోర్టు కనిపిస్తాయి. వైఫై ఆపగానే ఆ వరసలో అడ్రస్, పోర్టు రెండూ మారిపోతాయి. దాని పైనున్న తాళంచెవి అలాగే ఉంటుంది, వీపీఎన్ లోపలి అడ్రస్ 10.8.0.3 అలాగే ఉంటుంది. టాలీ తెర ఒక్క క్షణం ఆగి, వదిలిన చోటి నుంచే కదులుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌కి కనిపించేది లోపలి అడ్రస్ ఒక్కటే కాబట్టి బయట జరిగిన మార్పు దానికి తెలియనే తెలియదు.

దుకాణమూ ఫోనూ రెండూ సీజీనాట్ వెనుకే ఉంటే ఎవరు ఎవరిని పిలవాలి? అందుకే మధ్యలో పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ ఒకటి అద్దెకి తీసుకోవాలి. అన్నిటికంటే చిన్నది చాలు, నెలకి కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ముంబైలోదో హైదరాబాద్‌లోదో తీసుకోండి. సింగపూర్, అమెరికా సర్వర్లు తీసుకుంటే మీరు నొక్కిన ప్రతి మీటా సముద్రం దాటి రావాలి. 2020 నుంచి వైర్‌గార్డ్ సర్వర్లని నడిపే లినక్స్ గుండెకాయలోనే (కెర్నెల్‌లోనే) ఉంది కాబట్టి సర్వర్‌లో పెట్టడం కూడా పెద్ద పని కాదు.

దీనికున్న లోటు, పూర్తిగా యూడీపీ మీద నడవడం. కొన్ని కాలేజీల్లో, లాడ్జీల్లో వైఫై యూడీపీని ఆపేస్తుంది, అక్కడ ఇది కదలదు. మొబైల్ డేటాకి మారడమే మార్గం.

టెయిల్‌స్కేల్ లాంటివి

సర్వర్ అద్దె, కమాండ్లు ఇవన్నీ మనవల్ల కాదు అనుకునేవాళ్లకి ఇది. లోపల నడిచేది వైర్‌గార్డే. ఎవరెక్కడున్నారో చెప్పే పని మాత్రం కంపెనీ సర్వర్ చూస్తుంది. రెండు వైపులా నాట్ ఉన్నా, ఇద్దరూ ఒకే సమయంలో ఒకరికొకరు ప్యాకెట్లు పంపి చీటీలు తెరిపించుకుంటారు, అది కుదిరితే నేరుగా మాట్లాడుకుంటారు. అవతలివారు మారిన ప్రతిసారీ కొత్త పోర్టు ఇచ్చే మొండి నాట్‌లు రెండు వైపులా ఉంటే కుదరదు. అప్పుడు కంపెనీ రిలే సర్వర్ గుండా వెళ్తుంది, కాస్త నెమ్మదిస్తుంది. రిలే మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టులో నడుస్తుంది కాబట్టి యూడీపీ మూసిన లాడ్జి వైఫైలో కూడా పని జరుగుతుంది. ఈ ఒక్క విషయంలో ఇది వైర్‌గార్డ్ కంటే మెరుగు.

ఇది ఇచ్చే అడ్రస్‌లు కూడా 100.64 వరసలోవే. రౌటర్‌లో కనిపించే సీజీనాట్ అడ్రస్, ఫోన్ యాప్‌లో కనిపించే అడ్రస్ ఒకటే అనుకుని కంగారు పడేవాళ్లు ఉన్నారు. అవి వేరు. మీ పరికరాల జాబితా వేరే కంపెనీ చేతిలో ఉండడం ఇష్టం లేకపోతే హెడ్‌స్కేల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ పని మీ సర్వర్‌లోనే చేసుకోవచ్చు. కానీ అంత ఓపిక ఉంటే నేరుగా వైర్‌గార్డే పెట్టుకోవచ్చు కదా అని నా అభిప్రాయం. పరికరాలు నాలుగైదు ఉన్న చిన్న వ్యాపారానికైతే నేను నిశ్చింతగా టెయిల్‌స్కేల్ చెబుతాను. గుణుపూర్, రాయగడ వైపు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌లకి, తరచూ లాడ్జీల్లో ఉండేవాళ్లకి కూడా అదే.

ఐపీవీ6తో అంతా తీరుతుందా?

మన దేశంలో మొబైల్ డేటా చాలావరకు ఇప్పటికే ఐపీవీ6, అంటే అడ్రస్‌ల కొరత లేని కొత్త పద్ధతి, మీద నడుస్తోంది. అడ్రస్ పంచుకోవడం అన్న చిక్కు దాంతో పోతుంది. కదిలితే అడ్రస్ మారడం అన్న చిక్కు పోదు, అది అలాగే ఉంటుంది. చిన్న ఊళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో ఇంకా అన్నిచోట్లా లేదు కూడా. అందుకని దాన్ని నమ్ముకుని పనులు ఆపుకోకండి. వైర్‌గార్డ్ సెట్టింగుల్లో సర్వర్‌ని పేరుతో కాకుండా పాత పద్ధతి నాలుగు అంకెల అడ్రస్‌తో రాయండి. పేరు రాస్తే ఫోన్ మొబైల్ డేటాలో ఐపీవీ6 పట్టుకుని, ఐపీవీ6 లేని వైఫైకి రాగానే దారి తప్పే అవకాశం ఉంది.

మరికొన్ని ఉన్నాయి, టూకీగా చెబుతాను. 2021లో ప్రమాణమైన క్విక్ అనే పద్ధతిలో కనెక్షన్‌కి సొంత గుర్తింపు నంబరు ఉంటుంది, అడ్రస్ మారినా సాగుతుంది. అది యాప్ తయారుచేసేవాళ్లు పెట్టాల్సిన సౌకర్యం, మనం ఎంచుకునేది కాదు. ఒకేసారి వైఫై, డేటా రెండూ వాడే మల్టీపాత్ టీసీపీకి రెండు వైపులా మద్దతు కావాలి. సర్వర్లలో కమాండ్లతో పనిచేసే కుర్రాళ్లు మోష్ అనే ప్రోగ్రామ్ వాడి చూడండి, రైలు ప్రయాణంలో దానికి సాటి లేదు.

పెట్టాక వచ్చే తిప్పలు

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది లోపలి అడ్రస్‌ల గొడవ. దుకాణం రౌటర్ 192.168.1.1, ఇంటి రౌటర్ కూడా 192.168.1.1. చాలా కంపెనీలు అలాగే పంపుతాయి. ఇంటి వైఫైలో ఉండి దుకాణం కంప్యూటర్ 192.168.1.10 కావాలని అడిగితే ఫోన్ ఇంట్లోనే వెతుకుతుంది, దొరకదంటుంది. వీపీఎన్ కనెక్ట్ అయ్యే ఉంటుంది, పని మాత్రం జరగదు. విచిత్రంగా రోడ్డు మీద మొబైల్ డేటాలో అదే పని చక్కగా అవుతుంది. వీపీఎన్ పెట్టకముందే దుకాణం నెట్‌వర్క్‌ని 192.168.47 లాంటి ఎవరూ వాడని వరసకి మార్చేయండి. ప్రింటర్‌కీ డీవీఆర్‌కీ కూడా ఆ వరసలో కొత్త అడ్రస్‌లు ఇవ్వాలి, ఒక పూట పని. గోడౌనుకి ఇంకో వరస ఇవ్వండి.

తర్వాతది పలకరింపు. చీటీ చిరగకుండా ఉండడానికి వైర్‌గార్డ్‌లో 25 సెకన్ల కీప్‌అలైవ్ పెట్టమంటారు. చాలామంది దాన్ని ఫోన్‌లో పెట్టి బ్యాటరీ అయిపోతోందని బాధపడతారు. అది కావాల్సింది దుకాణం వైపు. ఫోన్ ఎప్పుడూ తానే ముందు పిలుస్తుంది, పిలిచినప్పుడల్లా కొత్త చీటీ పుడుతుంది. దుకాణం కంప్యూటర్ కూర్చుని ఎదురుచూసేది కాబట్టి దాని చీటీయే ఎప్పుడూ బతికి ఉండాలి, కరెంటు మీద నడిచేది కాబట్టి బ్యాటరీ బాధా లేదు.

ఫోన్‌లో ట్రాఫిక్ మొత్తాన్ని వీపీఎన్ గుండా పంపకండి. అనుమతించిన ఐపీల దగ్గర దుకాణం వరస, 10.8.0 వరస మాత్రమే రాయండి. బ్యాంకు యాప్‌లు, యూపీఐ తమ దారిన తాము వెళ్తాయి. కొన్ని ఫోన్లు తెర ఆపగానే యాప్‌ని చంపేస్తాయి. బ్యాటరీ సెట్టింగుల్లో దాన్ని ఆంక్షలు లేని జాబితాలో పెట్టి, వీపీఎన్ సెట్టింగ్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఆప్షన్ నొక్కండి.

పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతుందా అని చూసే పరీక్ష) వెళ్తుంది కానీ టాలీ తెర నల్లగా ఉండిపోతోందంటే ప్యాకెట్ సైజు అనుమానించండి. మామూలుగా వైర్‌గార్డ్ ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజు, 1420 పెడుతుంది. కొన్ని మొబైల్ నెట్‌వర్కుల్లో అంత పెద్ద ప్యాకెట్ దాటదు. ఫోన్‌లో 1280కి తగ్గించి చూడండి.

ఫోన్ పోతే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి. వైర్‌గార్డ్ అయితే సర్వర్‌లో ఆ ఫోన్ తాళంచెవి ఉన్న భాగం తీసేసి ఇంటర్‌ఫేస్‌ని మళ్లీ లోడ్ చేయాలి. టెయిల్‌స్కేల్ అయితే అడ్మిన్ పేజీలో ఆ పరికరాన్ని తొలగించాలి. ఒకే తాళంచెవి ఫైల్‌ని ఓనర్ ఫోన్‌లో, గుమాస్తా ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో కాపీ చేసి వాడకండి. ఎండ్‌పాయింట్ క్షణానికోసారి వాటి మధ్య ఊగి ఎవరికీ పని జరగదు, పైగా ఒక ఫోన్ పోతే అందరివీ మార్చాల్సి వస్తుంది. మనిషికో తాళం, పరికరానికో తాళం. గుమాస్తా పని మానేసిన రోజే అతని తాళం తీసేయండి.